ఖాళీ సీసా బరువు

ఆ నెలలో పోయినవి ఇవి. పగిలిన గ్లాసులు పదకొండు. మూత సరిగ్గా పెట్టక పాడైన వైన్ సీసాలు రెండు. పూల్ బార్‌లో ఒలికిందని సంతకం చేయించుకున్న రమ్ము నూట ఇరవై మిల్లీలీటర్లు. ఎలా పోయిందో ఎవరూ చెప్పలేని ఐసు పట్టకారు ఒకటి. స్టోరులో కూర్చుని వీటన్నిటినీ నెలాఖరు కాగితం మీదకి దింపుతుండగా హిద్‌లోని కూలీల క్యాంపు నుంచి ఫోను వచ్చింది. చేసింది మా గ్లాసులు కడిగే ఆయన పక్క మంచం మనిషి.

"లెక్కల సారేనా? మా కాక పోయిండు సార్. లీవుల ఇంటికి వోయిండు గద, ఆడనే. పండుకున్నోడు లేవలేదట. మీకు చెప్పాలె అనిపిచ్చింది."

ఫోను పెట్టేశాక కూడా పెన్ను చేతిలోనే ఉంది. చేతిలో పెన్ను ఉంటే నేను రాయకుండా ఉండలేను. ఐసు పట్టకారు కింద "మనిషి, ఒకటి" అని రాశాను. అది ఆఫీసుకు వెళ్ళే కాగితమని అప్పుడు గుర్తొచ్చింది. చించేసి, మొదటి గ్లాసు దగ్గర్నుంచీ మళ్ళీ రాశాను.

ఆయన పేరు ఇక్కడ రాయను. ఒకసారి రాయకూడని చోట రాశాను, అది చాలు.

నేను మనామాలో ఒక హోటల్లో మందు స్టోరు చూస్తాను. నా చదువు పదో తరగతి. తునిలో ఒక హోల్‌సేల్ కొట్లో బస్తాల కాటా దగ్గర మొదలైన లెక్కలు నావి. ఎవరూ కూర్చోబెట్టి నేర్పినవి కావు. నెలకోసారి మా మూడు బార్లలో తెరిచి ఉన్న ప్రతి సీసానీ కాటా మీద పెడతాను. వచ్చిన బరువులోంచి ఖాళీ సీసా బరువు తీసేసి, మిగిలినదాన్ని సున్నా పాయింటు తొమ్మిది అయిదుతో, అంటే మిల్లీలీటరు మందు బరువుతో, భాగిస్తే లోపల ఎన్ని మిల్లీలీటర్లు ఉన్నాయో తెలిసిపోతుంది. ఈ పద్ధతి నేనే కనిపెట్టాననుకుని కొన్నాళ్ళు సంబరపడ్డాను. హోటళ్ళన్నీ ఇలాగే చేస్తాయని తర్వాత తెలిసింది.

ఆయన ఆ బార్ల గ్లాసులు కడిగేవారు. మనుషుల్ని సప్లై చేసే ఒక కంపెనీ వీసా మీద వచ్చారు. జగిత్యాల వైపు పల్లె. ఇక్కడికి రాకముందు ఇరవై ఏళ్ళు తాటిచెట్లెక్కి కల్లు గీశారు. ఆ ఇరవై ఏళ్ళూ ఆయన ఒంట్లో అలాగే ఉండిపోయాయి. సింకు ముందు నిలబడితే రెండు పాదాలూ బంధం వేసినట్టు దగ్గరగా ఆనించి, నడుం కొంచెం వెనక్కి వాల్చేవారు. వెనకాల చెట్టుకి చుట్టిన మోకు ఉంది, పడనివ్వదు అన్న ధీమాతో నిలబడినట్టుండేది. ఒకసారి నిజంగానే వెనక్కి తూలి ట్రేల మీద పడబోయారు. "మోకు మర్చిపోయిన సారూ" అని ఆయనే నవ్వారు.

మొదట నాకు కనిపించిన వింత ఏమిటంటే, ఆయన ఏ గ్లాసునీ వాసన చూడకుండా కడిగేవారు కాదు. పొద్దున డ్యూటీకి వచ్చేసరికి ముందురోజు గ్లాసులు ఎండిపోయి ట్రేలలో ఉండేవి. ఒక్కోటీ ముక్కు దగ్గర పెట్టుకుని, కళ్ళు మూసి, తల చిన్నగా ఆడించి, అప్పుడు సింకులో వేసేవారు. గంటకు రెండు వందల గ్లాసులు కడగాల్సిన మనిషి నూట అరవై కడుగుతున్నాడేమిటా అని నేను లెక్క పట్టి, వెళ్ళి నిలబడ్డాను.

"ఎంగిలి గ్లాసులు వాసన చూడటం ఏంటి బాబాయ్?"

"నిండుగున్నప్పుడు అన్ని ఒక్కతీర్గనే ఉంటయి సారూ. ఎండినంక జూడాలె. గప్పుడు ఎర్కైతది ఏది అసలుదో." అని, ఆగి, "అయినా మీరేంది, నన్ను బాబాయ్ అంటరు? మనిద్దరికి ఆరేండ్లే తేడా. లెక్కల మనిషై ఉండి!"

"మా వైపు అలాగే అంటారు."

"మీ దిక్కు వాళ్ళు మనిషిని ఊకెనే ముసలోన్ని జేస్తరు."

ఆ తర్వాత కూడా నేను బాబాయ్ అనే పిలిచాను. ఆయన నన్ను లెక్కల సారు అనే పిలిచారు.

ఆయన ముక్కుకి సెలవు లేదు. స్టాఫ్ మెస్సులో అన్నం పళ్ళెం ముందు కూర్చుని, "ఈ బస్తకు తడి తగిలింది, ఓడల" అనేవారు. జింజ్‌లో మా ఫ్లాటుకి మొదటిసారి వచ్చినప్పుడు నేనిచ్చిన టీ ఒక గుటక తాగి, "డబ్బ పాలు. డబ్బ తెరిచి మూడు రోజులాయె" అన్నారు. లెక్కేసి చూస్తే మూడో రోజే. నాకు కొంచెం అవమానం అనిపించింది. ఇంట్లో తేదీలు గుర్తుపెట్టుకోవడం నా పని కదా.

ఆ చలికాలం, సఖీర్‌లో కార్ల పందేలకు వచ్చే అతిథుల కోసం, మా బార్ మేనేజరు మెనూలో ఒక మంచి టెకీలా పెట్టాలనుకున్నాడు. అతను గోవా మనిషి, మాతో హిందీలో మాట్లాడతాడు. పీపాలో ఊరబెట్టకుండా నీళ్ళలా తెల్లగా ఉండే రకం, బ్లాంకో అంటారు, అది కావాలి. అదీ పాత పద్ధతిలో చేసింది. సప్లయరు రెండు శాంపిళ్ళు పంపాడు. రెండింటి మీదా ఒకే మాట: దుంపను పొయ్యిలో కాల్చి, రాతి చక్రంతో నలిపి, చెక్క తొట్లలో పులియబెట్టి, రాగి పాత్రలో రెండుసార్లు బట్టీ పట్టినది. ధర కూడా దగ్గర దగ్గరే. మేనేజరు రుచి చూశాడు, నేను కొంచెం నాలుక మీద వేసుకున్నాను. నాకు రెండూ మంటే.

గ్లాసులు తీసుకెళ్ళడానికి వచ్చిన ఆయన ఒక సీసా మీద మొక్క బొమ్మ చూసి ఆగిపోయారు.

"గిది రైలు పట్టాల పొంటి ఉండే కిత్తనార గాదె? గీ నారతోని మేం పలుపులు పేనుకునేది. దీని కల్లు దీస్తరా?"

"కల్లు కాదు బాబాయ్. మట్టలు చెక్కేసి, మధ్యలో దుంపని కాల్చి, సారా తీస్తారు."

మేనేజరు సరదాకి రెండు గ్లాసులూ ఆయన వైపు జరిపాడు. "చెప్పు భాయ్, ఏది మంచిది?"

ఆయన గ్లాసులు ముట్టుకోలేదు. ముందు సీసాలు అడిగారు. ఒక్కోదాన్నీ ఒక్కసారి గట్టిగా కుదిపి, మెడ దగ్గర బుడగలు ఎంతసేపు నిలుస్తాయో చూశారు. తర్వాత అరచేతిలో నాలుగు చుక్కలు పోసుకుని, రెండు చేతులూ రుద్దుకుని, ఘాటు పోయేదాకా గాలికి పెట్టి, అప్పుడు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. మొదటి సీసా వాసన చూసి, వేళ్ళు ఒకదానికొకటి అంటించి విడదీశారు.

"జిగటుంది. ఇండ్ల తీపి కలిపిండ్రు. పౌడరు రాసుకున్న మొఖం లెక్కుంది."

చేతులు సబ్బుతో కడుక్కుని వచ్చి రెండోది రుద్దుకున్నారు. ఈసారి రెండుసార్లు ముక్కు దగ్గరికి తెచ్చుకున్నారు. చివరికి గ్లాసు తీసుకుని ఒక చిన్న గుక్క నోట్లో పెట్టుకున్నారు. బుగ్గల్లో అటూ ఇటూ తిప్పి, మూసిన నోటితోనే ముక్కులోంచి గాలి వదిలారు. మింగుతారని నేను చూస్తున్నాను. పక్కనున్న స్టీలు గ్లాసులో ఉమ్మేశారు.

"గేగులు" అన్నారు.

మేనేజరు నా వైపు చూశాడు. తాటి టెంకలు పాతితే వచ్చే మొలకని మేము తేగ అంటాం, వాళ్ళు గేగు అంటారు. కుండలో పెట్టి కాలిస్తే పైన మాడి, లోపల తియ్యగా, కొంచెం చేదుగా ఉంటుంది. దాన్ని హిందీలో చెప్పడానికి నాకు పది నిమిషాలు పట్టింది. ఆ లోపల నేనూ ఆ గ్లాసు వాసన చూశాను. అప్పటిదాకా మంట తప్ప ఏమీ తెలియని నా ముక్కుకి కాలిన తేగ దొరికింది. పొట్టు వలిచాక వేళ్ళకి అంటుకుని ఉంటుందే, సరిగ్గా ఆ వాసన.

"గేగు కాలిన తీపి ముందుగాల. ఎన్క మిరియం. గుటక ఆగినంక కొత్త కుండల నీళ్ళు. ఇది నెమ్మదిగ కాల్చిన సరుకు. తొందర జెయ్యలేదు" అన్నారు. "రేపు పొద్దుగాల ఎండిన గ్లాసు జూడుండ్రి. గీ వాసన ఉంటది. ఆ పౌడరుది ఉండది."

మర్నాడు పొద్దున ముగ్గురం చూశాం. రెండో గ్లాసులో తేగ అలాగే ఉంది. మొదటి గ్లాసులో ఐస్‌క్రీం కప్పు వాసన. మేనేజరు రెండోది రెండు కార్టన్లు ఆర్డరు పెట్టాడు. ఆ రోజు నుంచి పొద్దున్నే మూడు బార్లూ తిరిగి, తెరిచిన సీసాలు ఒక్కో చుక్క అరచేతిలో రుద్ది చూసి, బాగున్నాయో లేదో చెప్పే పని కూడా ఆయనకి వచ్చింది. జీతం పెరగలేదు. నడక మారింది. గ్లాసుల ట్రే పట్టుకుని వచ్చినా, బార్లోకి వచ్చేటప్పుడు షర్టు కాలరు సర్దుకునేవారు.

"మింగరే?" అని అడిగాను ఒకసారి.

"పైన ఉన్నప్పుడు రుచి జూస్తం సారూ. తాగం. లొట్టిల వేలు ముంచి నాలిక్కి రాసుకుంటం, మంచిగుందో లేదో ఎర్క గావాలె గద. తాగుడు కిందికి దిగినంకనే. డ్యూటీ అంటే తాడు మీద ఉన్నట్టే నాకు." తాడు అంటే తాటిచెట్టు, లొట్టి అంటే చెట్టుకి కట్టే కల్లు కుండ.

ఆ టెకీలా వచ్చిన నెలలోనే, నేను ఒక ఖాళీ సీసాని కాటా మీద పెట్టి 'ఆరువందల తొంభై' అని రాసుకుంటుంటే ఆయన పక్కనే ఉన్నారు. పాత పద్ధతి సరుకు కదా, సీసా కూడా చేత్తో ఊదిన గాజు. మెడ ఒక పక్కకి ఒరిగి, అడుగు మందంగా ఉంటుంది.

"సారూ, దేని ఖాళీ బరువు దానికి రాస్తున్నరా? అన్నిటికి ఇదొక్కటేనా?"

"కంపెనీ సీసాలు బాబాయ్. అన్నీ ఒకటే ఉంటాయి."

"లొట్టి లొట్టికి తేడా ఉంటది. మేమైతే దేన్ని దాన్ని తూచుకునేది."

"అవి కుమ్మరి చేసినవి. ఇవి ఫ్యాక్టరీవి."

ఆయన సీసాని చేతిలోకి తీసుకుని, తిప్పి, అడుగు మందం కేసి చూసి పెట్టేశారు. ఆ చూపు నాకు ఇప్పుడు గుర్తుంది. అప్పుడు పట్టించుకోలేదు.

నెలాఖరున మూడు బార్లలో తెరిచి ఉన్న ఆ టెకీలా సీసాలు ఆరు. తూచాను. అమ్మినది తీసేస్తే ఉండాల్సినదానికంటే మూడు వందల మిల్లీలీటర్లు తక్కువ. సరిగ్గా పది పెగ్గులు. రెండుసార్లు తూచాను, మూడుసార్లు భాగించాను. కాగితంలో షార్టేజీ అన్న గడి ఉంటుంది. దాని పక్కన, 'సరుకు ముట్టుకునేవారు' అన్న గడి ఉంటుంది. బార్‌మెన్ ఎవరి బార్‌లో వాళ్ళే. మూడు బార్లలోనూ సీసాలు ముట్టుకునేది ఒక్కరే. ఆ పేరే రాశాను.

మేనేజరు పెద్దగా అరవలేదు. "నాకు అతనంటే ఇష్టమే భాయ్. కానీ నీ కాగితం ఉంది కదా" అన్నాడు. హెచ్చరిక లెటరు వాళ్ళ కంపెనీకి వెళ్ళింది. ఆయన్ని బార్ నుంచి తీసి కిచెన్ వెనక డేక్షాలు తోమడానికి వేశారు. ఆ టెకీలాని కూడా ఆపేయమన్నాడు, తెరిచిన ఆరూ అయిపోయేదాకా అమ్మి, ఖలాస్. ఇంకో రెండు నెలల్లో ఆయన కాంట్రాక్టు రెన్యూవల్ ఉంది. ఫైల్లో అలాంటి లెటరున్న మనిషికి వాళ్ళ కంపెనీ వీసా పొడిగించదని క్యాంపులో అందరికీ తెలుసు. దొంగతనంగా తాగితే పంపేశారన్న పేరుతో ఊరికి వెళ్ళాలి, ఇరవై ఏళ్ళు చెట్టు మీద ఒక్క గుక్క మింగని మనిషి.

నేను కిచెన్ వెనక్కి వెళ్ళాను. చేతులు మోచేతుల దాకా డేక్షాలో ఉన్నాయి.

"నేను తాగిన్నంటరా సారూ?"

"తాగారని రాయలేదు బాబాయ్. తగ్గిందని రాశాను."

"తగ్గిందని రాసి, పక్కపొంటి నా పేరు రాసిండ్రు గద."

ఆయన డేక్షా అడుగు వాసన చూసి, "బిర్యాని మాడింది. పైపైన దీసి పెట్టిండ్రు. ఇది రాయరా ఎవ్వరి పేరు మీద?" అని, నవ్వబోయి, నవ్వలేదు.

తర్వాతి నెలాఖరు. ఆరు సీసాలూ ఖాళీ. తెరిచినది ఒక్కటీ లేదు, కాబట్టి తూచేదేమీ లేదు. అమ్మిన పెగ్గులన్నీ కలిపి, కిందటి నెల మిగిలిందని రాసినదాంతో పోల్చాను. లెక్క ఎక్కువ వచ్చింది. మూడు వందల మిల్లీలీటర్లు ఎక్కువ.

తక్కువ వస్తే దొంగ ఉన్నాడనుకోవచ్చు. ఎక్కువ వస్తే ఏమనుకోవాలి? తాగినవాడు మళ్ళీ సీసాలో పోయలేడు కదా. పోయిందనుకున్నది పోయినంతా తిరిగి వచ్చిందంటే, అది ఎప్పుడూ పోలేదని అర్థం. కూర్చున్నవాణ్ణి లేచి నిలబడ్డాను. కాటా సంకలో పెట్టుకుని కిచెన్ వెనక్కి నడిచాను.

ఆ ఆరు సీసాలూ అక్కడే ఉన్నాయి. ఆయన్ని బార్ నుంచి తీసేసినా, ఖాళీ అయినప్పుడల్లా అడిగి తెచ్చుకుని కిటికీ గట్టు మీద వరసగా పెట్టుకున్నారు. "లొట్ల లెక్క ముద్దుగున్నయి" అనేవారట. నేను కాటా గట్టు మీద పెట్టి, ఆయన ముందే ఒక్కోటీ తూచాను. నేను రాసుకున్న ఆరువందల తొంభైకి మొదటిది అరవై రెండు గ్రాములు తక్కువ. రెండోది ముప్ఫై ఒకటి. యాభై అయిదు. నలభై ఎనిమిది. డెబ్భై. పంతొమ్మిది. నేను మొదట తూచిన సీసా ఆ కార్టన్లలోకెల్లా బరువైనదన్నమాట. కూడితే రెండు వందల ఎనభై అయిదు గ్రాములు. సున్నా పాయింటు తొమ్మిది అయిదుతో భాగించాను. మూడు వందలు.

ఆయన చేతులు తుడుచుకుంటూ కాటా మీద అంకెలు చూశారు. అంతా అయ్యాక ఒక్కటే అన్నారు.

"చెప్పిన గద సారూ."

"చెప్పారు."

"కుమ్మరోడైనా, ఫ్యాక్టరోడైనా, చేతులే గదా."

మేనేజరు దగ్గరికి వెళ్ళి కాగితం పెట్టాను. లెటరు వెనక్కి తేవాలంటే తప్పు ఎవరిదో రాసివ్వాలన్నాడు. నాదని రాసి, నా పేరు పూర్తిగా, ఇంటిపేరుతో సహా రాశాను. ఫైల్లోంచి ఆయన కాగితం తీసి నాది పెట్టారు. ఆయన్ని మళ్ళీ బార్‌కి తెచ్చారు. రెన్యూవల్ అయింది. ఆ రోజు నుంచి ఏ సీసా వచ్చినా మూత తీయకముందే తూచి, దాని ఖాళీ బరువు ఎంతుండాలో లెక్కగట్టి, అడుగున టేపు మీద రాస్తున్నాను. ఆయన అది చూసి, "ఇగ లొట్లకు పేర్లు గూడ వెట్టుండ్రి" అని ఏడిపించేవారు.

నేను క్షమించమని అడిగాను. ఆయనకి ఆ మాట ఇబ్బందిగా అనిపించినట్టుంది. గ్లాసు ఒకటి ఎత్తి వెలుతురుకి పెట్టి చూస్తూ అన్నారు.

"కాగితం చింపితె పాయెనా? నెల దినాలు నేను పది పెగ్గులు తాగినోన్ని. క్యాంపుల అందరు అన్నరు. తాగకుంటనే తాగినోన్నైన. గందుకే ఆ పది పెగ్గులు నాకు రావాలె. మీరే ఇయ్యాలె."

నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. లెక్క అంటే లెక్కే.

నా డబ్బుతో అదే టెకీలా సీసా ఒకటి కొన్నాను. తూచాను. ఖాళీ బరువు ఆరువందల యాభై అయిదు అని టేపు అంటించి, జింజ్‌లో మా వంటింటి అలమరలో పెట్టాను. నెలకో శుక్రవారం, ఆయనకి సెలవు దొరికినప్పుడు, హిద్ నుంచి బస్సులో వచ్చేవారు. మధ్యాహ్నం భోజనం చేసి, కింద చాప మీద కూర్చుని, కాళ్ళు బారజాపుకునేవారు. నేను కొలత గ్లాసుతో ముప్ఫై మిల్లీలీటర్లు పోసేవాణ్ణి. సీసా కుదపడం, అరచేతులు రుద్దడం, ముక్కులోంచి గాలి వదలడం, అన్నీ వరస తప్పకుండా చేసేవారు. కానీ నోట్లో పెట్టుకునే ముందు ఒక మాట అనేవారు.

"ఇగ దిగిన సారూ."

అని, మింగేవారు. ఆ ఒక్క పెగ్గుకి ముప్పావుగంట పట్టేది. ప్రతిసారీ కొత్తగా ఒకటి చెప్పేవారు. ఒకరోజు ఉప్పులో వేసిన నిమ్మతొక్క అన్నారు. ఒకరోజు, "మూత దీసి ఆర్నెల్లాయె. మిరియం తగ్గింది, గేగు నిలవడ్డది. మంచి సరుకు గిట్లనే, ఘాటు పోయినా తను పోదు" అన్నారు. నాకు బీపీ, నేను తాగను. నా వంతు మర్నాటి పొద్దున ఎండిన గ్లాసు. అది చూసి డ్యూటీలో ఏం దొరికిందో చెప్పాలి. తప్పు చెబితే, "ముక్కుకు గూడ కాటా దెచ్చుకోండ్రి" అనేవారు.

గోడ మీద క్యాలెండరులో ప్రతి పెగ్గుకీ ఒక గీత పెట్టాను. ఏడు గీతలయ్యాయి. ఏడోసారి వచ్చినప్పుడు లీవు మంజూరైందని చెప్పారు. సామాన్ అంతా కట్టేశారట, ఆ ఆరు ఖాళీ సీసాలతో సహా, బట్టల మధ్య చుట్టి.

"మిగిలిన మూడు కూడా ఇప్పుడే పుచ్చుకోండి బాబాయ్, లెక్క తేలిపోతుంది" అన్నాను.

"ఒక్కతాపనే తాగితె రుచేం దెలుస్తది? ఉండనియ్యిండ్రి. అచ్చినంక తాగుత. బాకీ ఉంటెనే మీరు నన్ను యాది మరువరు."

ఫోను వచ్చిన రోజు సాయంత్రం డ్యూటీ నుంచి కాటా ఇంటికి తెచ్చాను. సీసా అలమరలోంచి తీసి మూతతో సహా తూచాను. ఏడువందల యాభైలో ఏడు పెగ్గులు పోగా అయిదువందల నలభై మిల్లీలీటర్లు ఉండాలి. అంటే సీసాతో కలిపి పదకొండు వందల అరవై ఎనిమిది గ్రాములు. కాటా పదకొండు వందల అరవై అయిదు చూపించింది. మూడు గ్రాములు తక్కువ. గాలికి పోయిందో, ఇంకేమైందో. ఈసారి షార్టేజీ అని రాయలేదు. ఏ పేరూ రాయలేదు.

సీసా అలమరలోనే ఉంది. పది పెగ్గులకి ఏడు చెల్లు. ఈ రోజుకి నేను ఇవ్వాల్సినది మూడు పెగ్గులు, తొంభై మిల్లీలీటర్లు.